పనిలోంచి పీకేదానికి కాదు ఈ కాగితం

మా సిస్టరమ్మ పోయిందని మొన్న మంగళవారం వదిన చెప్పింది. కళ్యాణదుర్గంలో మనసు జబ్బుల ఓపీ చూసే నర్సు ఆమె. నాకు స్కిజోఫ్రీనియా ఉండాది. ఈ మాట తల దించకుండా చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నా. "ఆ పిచ్చోని చీటీ" అని ఎవరన్నా అంటే పెన్ను కింద పెట్టేసేది. మనిషి పేరు చెప్పేదాకా రాసేది కాదు.

మాత్రలతో చెవిలో గొంతులు తగ్గినాయి గానీ మతిమరుపు పోలేదు. నాయన మూడు పనులు చెప్తే ఒకటి చేసి నిలబడిపోయేవాణ్ణి.

"సోంబేరి నాయాలు. కావాలనే చేస్తాండాడు," అనేవాడు అన్న.

ఒకరోజు సిస్టరమ్మ నన్ను కూర్చోబెట్టి పది నిమిషాల పరీక్ష పెట్టింది. కొన్ని మాటలు చదివి మళ్లీ చెప్పమనింది. అంకెలు వెనక నుంచి చెప్పమనింది. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్తావో చూద్దామనింది. గొర్రె, మేక, కుక్క... ఆడికే ఆగిపోయినా. చెమటలు పట్టినాయి.

"భయపడొద్దప్పా. ఇందులో ఫెయిలు లేదు," అనింది.

మార్కులు తక్కువొచ్చినాయి. నాతో వచ్చిన అన్న ఆ మార్కుల కాగితం ఇంటికి తెచ్చి నాయనకు చెప్పినాడు: "వీనికి బుర్ర లేదని ఆసుపత్రోళ్లే రాసినారు. ఇంక గొర్రెలు వీని చేతికి ఇయ్యొద్దు."

ఆ సంగతి వదిన ఫోన్‌లో చెప్పినట్టుంది. ఆదివారం సిస్టరమ్మ షేర్ ఆటోలో మా ఊరొచ్చింది. మంచినీళ్లు కూడా ముట్టకుండా అన్న ముందర నిలబడింది.

"ఏమప్పా, కండ్లు మసకైతే అద్దాలిస్తారా, కండ్లే పీకేస్తారా? వాణ్ణి పనిలోంచి పీకేదానికి కాదు ఈ కాగితం. యాడ ఆసరా కావల్లో చూపేదానికి. ఇదే ఆఖరు మాటా కాదు, డాక్టరు ఇంకా వివరంగా చూడాల. అంతవరకు ఒకసారికి ఒకే పని చెప్పండి. మిగిలినవి గోడమీద రాయండి."

"రోజూ ఎవరు రాస్తారమ్మా?"

"నువ్వే!"

అన్న రాసినాడు. మొదట్లో గొణుక్కుంటా, తర్వాత గొణుగుడు లేకుండానే. ఆ పొద్దు నుంచి మంద నా చేతిలోనే ఉండాది. వాన లేని ఏడాది కూడా నేనే మేపినా.

సమాధి కాడికి ఓపీలో మందులు తీసుకునే మేము పదిమందిమి పోయినాం. ఆమె చుట్టమొకాయన, "మీరు దూరంగా నిలబడండి," అన్నాడు. మేము కదల్లేదు. శవపెట్టె దించేటప్పుడు ఒక తాడు కొస నేను పట్టుకున్నా, ఇంకో తాడు కొస మాలో ఒకామె పట్టుకుంది. మాత్రలకు మా చేతులు వణుకుతానే ఉండాయి. పెట్టె ఏ పక్కకీ వాలకుండా, నిదానంగా, ఎర్రమట్టిలోకి దిగింది.