చెంచా అడిగిన పిల్ల

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, అప్పట్లో నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్ల చేతికి బలపం కంటే ముందు కత్తెర వచ్చేది. తునికాకు కత్తిరించి బీడీలు చుట్టడం వచ్చిందంటే చదువు పూర్తయినట్టే లెక్క. తర్వాత పెళ్లి, పిల్లలు, ఆయన దుబాయి పోవడం, నేను వంటపనికి పోవడం, అన్నీ అయిపోయాక, సుల్తానాబాదులో బిడ్డ దగ్గరికి వచ్చి కూర్చున్నాక, మనుమరాలి రెండో తరగతి పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నాను. అదే నాకు పంతులమ్మ. "అమ్మమ్మా, గట్ల కాదే, ఒత్తు కింద పెట్టాలె" అని తల కొట్టుకునేది. ఇప్పుడు పొద్దున పేపరు వస్తే ముందు నేనే అందుకుంటాను. నాది నిదానపు చదువు గనుక చిన్న వార్తలు నేను చూసుకుని, పెద్దవి అల్లుడికి వదిలేస్తాను.

మొన్న అట్లాగే ఒక మూలన చిన్న వార్త దొరికింది. ఏదో ఆశ్రమ పాఠశాలలో పిల్లల పట్ల తప్పుగా ప్రవర్తించాడని లెక్కల సారును సస్పెండ్ చేశారట, విచారణకు ఆదేశించారట. ఊరి పేరుంది, సారు పేరు లేదు. నేను దాటేసిన అక్షరాల్లో పేరేమైనా దాక్కుందేమోనని మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చదివాను. లేదు. "ఏందత్తమ్మా, గంతగనం చదువుతున్నరు?" అన్నాడు అల్లుడు. పేరెందుకు రాయలేదని అడిగాను. "విచారణ కావాలె గద. తేలినంక రాస్తరు" అన్నాడు. తేలిన తర్వాత రాసిన వార్త మాత్రం నాకింతవరకు కనబడలేదు. పేపరు మడిచి పెట్టినా ఆ లెక్కల సారు మడతలో ఉండలేదు. అతనే అయి ఉంటాడా అని రోజంతా బియ్యం ఏరుతూ అదే ఏరుకున్నాను.

ఉట్నూరు అవతల అడవి అంచున ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో నేను చాలా ఏళ్లు వంట చేశాను. చుట్టూ టేకు చెట్లు. జీపు వచ్చిందంటే ముందు దుమ్ము కనిపించేది, తర్వాత జీపు. నాతోపాటు ఉట్నూరు నుంచి వచ్చే ఒక ముస్లిం ఆమె వంట చేసేది. నేను ఆమెను ఆపా అనేదాన్ని, వాళ్ల భాషలో అక్క అనే, ఆమె నన్ను అక్కా అనేది, ఎవరు పెద్దో మాకిద్దరికీ తెలియదు. ఆపాకు అందరి మీదా అనుమానమే. పాలలో నీళ్లు పోశాడని పాలవాడి మీద, సిలిండరు తేలికగా ఉందని గ్యాసు అబ్బాయి మీద, కురవకుండా పోతోందని మబ్బు మీద కూడా. నేనూ తక్కువ దాన్ని కాదు. వందల కడుపులకు వండేవాళ్లు కొంత అనుమానంగా ఉండకపోతే సాయంత్రానికి బెల్లం డబ్బాలో చీమలు కూడా మిగలవు.

ఆ బడికి ఒక ఎండాకాలం సెలవులయ్యాక లెక్కల సారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి అత్తరు వాసన, మాట పైకి లేవదు. వంటింటి ముందు నుంచి పోతూ మాకూ నమస్తే పెట్టేవాడు. తల్లిదండ్రులు వచ్చినప్పుడు రెండు అరచేతులూ చాపి చూపించి, "నేను పిల్లల మీద చెయ్యెయ్య. ఇన్నేండ్ల సర్వీసుల ఒక్క దెబ్బ కొట్టలే" అనేవాడు. వాళ్లు ఆ చేతులకు దండం పెట్టినంత పని చేసేవాళ్లు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆపా ఉల్లిగడ్డ కోస్తూ గొణిగేది: "కత్తి లేని కసాయోడు యాడన్న ఉంటడా అక్కా?" నాకు మాత్రం మంచి మనిషిగానే కనబడ్డాడు. అందుకే నా కళ్లను నేను ఇప్పుడు అంతగా నమ్మను.

అతని తరగతిలో ఒక పొడుగు పిల్ల ఉండేది. గోండు గూడెం నుంచి వచ్చింది. లెక్కల్లో ఫస్టు. తిండిలోనూ ఫస్టే. పప్పన్నం కలిపిందంటే మణికట్టు దాకా పప్పు, చివరికి వేళ్లన్నీ వరసగా నాకి, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు చెయ్యి తిప్పి చూసుకునేది. దాని పక్కన ఎప్పుడూ ఒక పొట్టి పిల్ల. రెండు పళ్లేలూ అంచులు తగిలేలా పెట్టుకుని, ఒకదాని పళ్లెంలో ఒకటి చెయ్యి పెట్టి తినేవాళ్లు. తెల్లారి లేస్తే ఇద్దరికీ ఒకటే దువ్వెన.

ఒక మధ్యాహ్నం ఆ పొడుగు పిల్ల పళ్లెం పట్టుకుని వచ్చి, "పెద్దమ్మా, చెంచా ఉన్నదా?" అంది.

"చెంచా ఎందుకే, దొరసానివైనవా?" అన్నాను. నవ్వలేదు. హాస్టల్లో ఎవరికీ చెంచాలు ఉండవు. చాయపత్తా డబ్బాలో ఒకటి, ఉప్పు డబ్బాలో చెక్కది ఒకటి, అంతే. చాయపత్తా చెంచా కడిగిచ్చాను. మర్నాడూ అడిగింది. ఆ మర్నాడు అడగకుండా డబ్బా వైపు చూసి నిలబడింది. చేతికి పుండు లేచిందేమోనని పట్టుకుని చూస్తే ఏమీ లేదు, నున్నగా ఉంది. చెయ్యి లాక్కుని చున్నీ కింద దాచుకుంది. "జర నిగా పెట్టు అక్కా. ఇయ్యాల చెంచా, రేపు బగోనె" అంది ఆపా. నేను నిఘా పెట్టాను. చెంచా ఎక్కడికీ పోలేదు గానీ ఇంకొకటి కనబడింది. పొట్టి పిల్ల వరండా ఈ చివర, పొడుగు పిల్ల ఆ చివర. మధ్యలో మిగిలిన బడి అంతా. పొట్టి పిల్ల ఒక పక్కే నములుతోంది. దువ్వెన కోసం కొట్లాడుకున్నారు కాబోలు, పెద్దది చిన్నదాన్ని నాలుగు తగిలించింది కాబోలు అనుకున్నాను. ఆ రోజు నుంచి పొడుగు పిల్లకు అన్నం వేసేటప్పుడు నా గరిటె కూడా కొంచెం ముడుచుకుంది.

తర్వాత కొద్ది రోజులకే పొట్టి పిల్ల దిండు మీద రక్తం మరక. వార్డెన్ మేడం జీపులో ఉట్నూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. చెవి లోపల పొర చిరిగిందని డాక్టరు చెప్పాడు. పిల్ల తండ్రి వచ్చి, ఎవరు కొట్టారో చెప్పమని తరగతి ముందు నిలబడితే పిల్లలందరూ పొడుగు పిల్ల వైపు చూశారు. అది తల దించుకుంది. కాదనలేదు. లెక్కల సారు నిట్టూర్చి, "చదువుల ఫస్టే గని చెయ్యి దురుసు. టీసీ ఇచ్చి పంపుడే మంచిది. రేపు ఇంకొకల్ల కన్ను పోతే?" అన్నాడు. వార్డెన్ మేడం తల ఊపింది. పొడుగు పిల్ల బాపు వచ్చి మా వంటింటి అరుగు మీద కూర్చున్నాడు. పత్తి ఏరే కాలం. చాయ ఇస్తే తాగకుండా పట్టుకుని, "ఏరుడుకు తోల్కపోత. ఇగ బడి మాట ఎత్తనియ్య" అన్నాడు, ఎవరితోనూ కాకుండా గ్లాసుతో అన్నట్టు. వాళ్ల గూడెం నుంచి అంతదూరం చదివిన ఆడపిల్ల అదొక్కతే.

టీసీ రాసే లోపలే పొట్టి పిల్ల తండ్రి పైకి ఫిర్యాదు పంపాడు. విచారణకు ఒక మేడం వస్తోందని తెలిసింది. ఆ పొద్దున లెక్కల సారే ఉట్నూరు నుంచి కోడిమాంసం తెప్పించి వంటింట్లో పెట్టి, "మంచిగ జెయ్యుండ్రి, పెద్ద మేడం వస్తుంది" అన్నాడు. మాకు అది కొత్త కాదు. పెద్దవాళ్లు ఎవరొచ్చినా ముందు కూర వాసన, తర్వాత పిల్లలను వరసగా నిలబెట్టడం, తర్వాత భోజనం, తర్వాత కుర్చీలో ఒక కునుకు, ఆ తర్వాత అంతా బాగుందని సంతకం. మా పిల్లలకు కూడా ఆ వాసన ముక్కుకు తగలగానే "అంతా మంచిగున్నది మేడం" అనే మాట దానంతటదే వచ్చేది.

ఈ మేడం నూలు చీర, కళ్లద్దాలు, చేతిలో ఒక చిన్న డబ్బా. కూర కేసి చూడలేదు. టేకు చెట్టు కింద కూర్చుని డబ్బా తెరిచింది. రెండు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. నాకు ఒళ్లు మండింది. "విషం పెట్టినమనుకున్నదా ఏంది?" అంది ఆపా. మా దగ్గర అన్నం తిన్న మనిషి మనవాడు, తినని మనిషి పరాయివాడు. వంటమనిషి లెక్క అంతవరకే. ఇక్కడ తినట్లేదంటే ముందే ఎక్కడో కడుపు నింపుకుని వచ్చిందని, పిల్ల టీసీ ఖాయమని నేను తేల్చేసుకున్నాను. సారు స్వయంగా పళ్లెం పట్టుకుపోయాడు. "మేడం, రెండు ముక్కలన్న..."

"మీ ఉప్పు తిన్నంక మీ ముచ్చట ఎట్ల అడుగాలె సార్?" అంది ఆమె.

సారు నవ్వు అక్కడే ఉంది గానీ చూపు మాత్రం నా వైపు తిరిగింది, కూరలో ఉప్పు నేనే ఎక్కువ వేసినట్టు.

పిల్లలను ఒక్కొక్కరిని పిలిచి అడిగింది. వంటింటి కిటికీలోంచి వినబడుతూనే ఉంది. "సార్ కొట్టిండా?" "కొట్టలే మేడం." "సార్ కొట్టిండా?" "కొట్టలే." అందరిదీ అదే మాట. అబద్ధం చెప్పే పిల్లలు కొంచెం నసుగుతారు, వీళ్లు నసగలేదు. మేడం డబ్బా కడుక్కోవడానికి వంటింట్లోకి వచ్చింది. కోపం ఆగక, "మా నీళ్లన్న పనికొస్తయా మేడం?" అన్నాను. ఆమె నవ్వి, "నీళ్లకు తప్పు లేదులే పెద్దమ్మా. పిల్లలు మంచిగ తింటరా?" అంది.

"అందరు తింటరు. గా పొడుగు పిల్లకే చెంచా కావాలె. కొట్టుడు నేర్సింది, షోకులు నేర్సింది" అన్నాను. చాడీ చెప్పాననే అనుకున్నాను. ఆమె చెయ్యి డబ్బా మీద ఆగిపోయింది. "ఎప్పటిసంది?" అని అడిగి, ఆ పిల్లను అక్కడికే పిలిపించింది.

"చెయ్యేమైంది బిడ్డా?"

"ఏం గాలే."

"మరి చెంచా ఎందుకు?"

పిల్ల పొయ్యి వైపు తిరిగింది. "గా చెయ్యితోని తినబుద్ధి అయితలేదు" అంది.

తర్వాత మాట ఆగలేదు. లెక్క వచ్చినవాళ్లు రానివాళ్ల చెంప మీద కొట్టాలి, అదీ సారు పద్ధతి. ఆయన బల్ల మీద కూర్చుని చూస్తాడు. లెక్క వచ్చేది ఎక్కువగా దీనికే గనుక కొట్టాల్సిందీ ఇదే. అప్పుడు తలుపు వెనక నుంచి, చెవిలో దూదితో, పొట్టి పిల్ల బయటికి వచ్చింది. "అది కొట్టకుంటే ఇద్దర్ని ఎండల నిలవెడుతడు మేడం. దాన్నేమనకుండ్రి" అంది. పొడుగు పిల్ల దాని వైపు చూడకుండానే చెప్పింది: "మెల్లగ కొడితే లెక్కకు రాదంటడు. మల్ల కొట్టుమంటడు. ఒక్కసారే గట్టిగ కొడితే అయిపోతదనుకున్న."

పొయ్యి మీద పప్పు అడుగంటింది. వాసన అందరికీ వచ్చింది, ఎవరూ లేవలేదు. ఆపా కొంగు నోట్లో కుక్కుకుంది. మేడం పోయి పిల్లలందరినీ మళ్లీ పిలిచింది. ఈసారి ఎవరు కొట్టారని అడగలేదు, ఎవరు కొట్టమన్నారని అడిగింది. కిటికీలోంచి ఈసారి నసుగుడు వినబడింది, ఏడుపులు వినబడ్డాయి, చివరికి ఒకే జవాబు వినబడింది.

నా మాట కూడా రాసుకుని వేలిముద్ర వెయ్యమంది. చదివి వినిపించింది. నేను చెప్పినట్టే ఉంది. అయినా నోటితో చదివేదీ కాగితం మీద ఉండేదీ ఒకటేనని ఏమిటి నమ్మకం? "గింతేనా మేడం, ఇంకేమన్న ఉన్నదా?" అన్నాను. "అనుమానముంటే నీకు నమ్మకమున్నోల్లతోని చదివించుకో" అంది, కోపం లేకుండా. చుట్టూ చూశాను. వార్డెన్, ఇద్దరు టీచర్లు, అందరూ సారు తెచ్చిన కూర తిన్నవాళ్లే. వేలు అద్దాను. ఆ కాగితంలో నా మాటే ఉందో, ఇంకెవరి మాట ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. మనుమరాలి పుస్తకం ముందు కూర్చోవడానికి అసలు కారణం ఆ వేలిముద్రే.

సారు సస్పెండ్ అయ్యాడు, టీసీ ఆగింది. ఆపా మాత్రం సంతోషపడలేదు. కొన్ని నెలలకు లక్సెట్టిపేట నుంచి వచ్చిన చుట్టమొకామె, వాళ్ల వైపు బడికి మంచి లెక్కల సారు వచ్చాడని, పిల్లల మీద చెయ్యే వెయ్యడని చెప్పింది. "పామును మన చేనులకెల్లి తీసి పక్క చేనుల ఇడిసిండ్రు" అంది ఆపా. అందుకే మొన్నటి వార్తలో పేరు కోసం అంత వెతికాను.

విచారణ జరిగిన మర్నాడు పొద్దున కిచిడీ వండాం. పొడుగు పిల్ల వరసలో వచ్చింది గానీ చెంచా అడగలేదు, డబ్బా వైపు చూడలేదు. బడి అంతటికీ సంగతి తెలిసిపోయిందని సిగ్గు. నేనే చాయపత్తా చెంచా ముందే కడిగి పెట్టుకున్నాను, దాని పళ్లెంలో పెట్టి, గరిటె నిండా కిచిడీ వేశాను. దాని వెనకే పొట్టి పిల్ల. "పెద్దమ్మా, నాకు సుత చెంచా" అంది. ఉప్పు డబ్బాలోని చెక్క చెంచా తీసి కడిగి దానికిచ్చాను. "అరె, ఇగ కూరల ఉప్పు దేనితోని ఎయ్యాలె అక్కా?" అని ఆపా అరిచింది. "చేత్తోని ఎయ్యి" అన్నాను. వరండా మూలన రెండు పళ్లేలూ అంచులు తగిలేలా పెట్టుకున్నారు. ఇద్దరికీ చెంచాతో తినడం రాదు, సగం కిచిడీ నేల మీదే. ఆ రెండు చెంచాలూ తిరిగి డబ్బాల్లోకి వచ్చేసరికి పత్తి చేలు ఖాళీ అయి, టేకాకులు రాలిపోయాయి. ఒక చెయ్యి మళ్లీ అన్నంలోకి దిగడానికి అంత కాలం పడుతుంది. మంట పెంచి తొందర పెడదామంటే కాలం మన పొయ్యి మీద ఉడికేది కాదు.