సున్నం దగ్గు

ఏడేళ్లుగా నన్ను లోపల తినేస్తున్న సంగతి ఇది. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. మీకు చెబుతున్నది నమ్మకంతో కాదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే.

పిడుగురాళ్ల దగ్గర ఒక ఊళ్లో నర్సును. క్షయ సర్వేలో ఇల్లిల్లూ తిరగాలి. రెండు వారాలకు మించి దగ్గేవాళ్లకు డబ్బీ ఇచ్చి, కళ్లె పట్టించి, పరీక్షకు పంపాలి. ఆ ఏడు మా కులం వాళ్ల వీధుల్లో లోపలికి వెళ్లి కూర్చున్నాను, కాఫీ తాగాను, అందరినీ అడిగాను. సున్నపు బట్టీల్లో పనిచేసేవాళ్ల కాలనీకి వచ్చేసరికి మొదట్లో ఉన్న చర్చి దగ్గరే నిలబడిపోయాను. ఎండగా ఉందని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఎవరైనా మంచినీళ్లిస్తే తాగాలా వద్దా అని తేల్చుకోవాల్సి వస్తుందని. చదువుకుని ఏం లాభం?

బట్టీలో రాయి మోసే సుందరమ్మ అక్కడికే వచ్చింది.

"ఏంది నర్సమ్మా, మాకియ్యవా డబ్బీలు? చానా రోజుల్నించి దగ్గుతన్నా."

"అది సున్నం దగ్గులే. బట్టీ మానేస్తే పోద్ది."

"మానేస్తే తినేదేంది?"

జబ్బు తేలితే ప్రభుత్వం పౌష్టికాహారానికి డబ్బులిస్తుంది కదా, దానికోసం కావాలని దగ్గుతోందేమోనని అనుమానించాను. మా వీధిలో దగ్గినవాళ్లలో ఒక్కరి మీదైనా ఆ అనుమానం ఎందుకు రాలేదు? డబ్బీలు సంచిలోనే ఉన్నాయి. ట్యాబ్‌లో కాలనీ ఇళ్లన్నిటికీ 'దగ్గు లేదు' అని నొక్కేశాను.

ఆ లెక్క చూసి పైవాళ్లు ఎక్స్‌రే వ్యాను ఊరి వైపు ఆపించారు. కాలనీకి అది రాలేదు. సుందరమ్మ రక్తం కక్కుకున్నాక గానీ పెద్దాసుపత్రికి పోలేదు. అక్కడ క్షయ అని తేలింది, నెల తిరక్కుండా చనిపోయింది.

మరుసటి ఏడు కాలనీలో ఇల్లిల్లూ తిరిగాను. ముగ్గురికి జబ్బు తేలింది. 'కొత్త కేసులు' అని రాశాను. పాత లెక్క తప్పని ఎవరికీ చెప్పలేదు. శ్రద్ధగా పనిచేస్తానని మీటింగులో మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు ఏ ఊళ్లో జబ్బు లేదన్నా నేను నమ్మను. అక్కడి నర్సు ఏ వీధి మొదట్లో ఆగిపోయిందో అనుకుంటాను.

సుందరమ్మ కూతురు పిల్లాడి టీకాలకు నా దగ్గరికే వస్తుంది. "బాగున్నావా అక్కా" అంటుంది. తెలిసే అంటోందా? ఏడేళ్లూ ఆ ముఖంలో వెతుక్కున్నాను. ఏమీ తెలియదని మొన్న మొత్తం నేనే చెప్పేశాక, ఆమె తెల్లబోయి చూసినప్పుడు తేలింది. ఎందుకు చెప్పాను? ఆమె కోసమా, నా నిద్ర కోసమా? నా కోసమేనని నా అనుమానం.

ఆమె పిల్లాడికి సూది వేయించుకుంది. తర్వాత ఒక్కటే అడిగింది.

"ఇంకెంతమందికి దగ్గు లేదని రాశావక్కా?"

"అందరికీ," అన్నాను.

పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు. క్షమించమని నేనూ అడగలేదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ ఒక్క మాట నోరు దాటి వచ్చాక నా గుండె తేలికపడింది.