సిగ్నల్ దగ్గర తలుపు కొట్టే కారు

కొత్తగా జీతం అందుకున్న రోజుల్లో ప్రతి కుర్రాడికీ లోకంలో తనకు రాని విద్య లేదనిపించే కాలం ఒకటి నడుస్తుంది. నాకది కాస్త ఎక్కువే నడిచింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పొద్దున్నే పిల్లలకి ధ్వని తరంగాల పాఠం చెప్పేవాణ్ణి. సాయంత్రం నా కారులోంచి వచ్చే ధ్వని ఎక్కడిదో తెలియక జుట్టు పీక్కునేవాణ్ణి (అప్పట్లో పీక్కోడానికి ఉండేది). అది సెకండ్ హ్యాండ్ కారు. పట్టుబట్టి నాన్న చేత కొనిపించింది నేనే, అమ్మ కోసం. హయత్‌నగర్‌లో పెద్దమ్మ మంచం దిగలేదు, మోకాళ్ల నొప్పులతో అమ్మ బస్సు మెట్లు ఎక్కలేదు, ముక్కూమొహం తెలియని డ్రైవరుతో క్యాబ్ ఎక్కమంటే ససేమిరా అనేది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఊళ్లో ఉండి ఫోన్లో ఏడ్చుకునేవాళ్లు. కారొచ్చాక ప్రతి శుక్రవారం అమ్మను అక్కడ దింపి, మళ్లీ తీసుకురావడం నా డ్యూటీ. ఆ రోజు పెద్దమ్మ తల దువ్వించుకుని ఎదురుచూసేది.

కారు ఇంటికొచ్చిన రోజే అమ్మ దానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టించింది. నాన్న లెక్కల మాస్టారు, దిష్టి మాటెత్తితే మండిపడతారు. "నిమ్మకాయ పులిహోరకే గానీ కారుకి కాదు" అని సాయంత్రానికల్లా తెంపేశారు. అమ్మ ఏమీ అనలేదు. (అమ్మ ఏమీ అనకపోతే జాగ్రత్త పడాలని నాకప్పటికి తెలియదు.)

ఆ తర్వాత కొన్నాళ్లకి మొదలైంది శబ్దం. పరిగెత్తేటప్పుడు శుభ్రంగా ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ముందు నుంచి టక్, టక్, టక్. ఎల్బీనగర్ చౌరస్తాలో పక్కన ఆగిన ఆటో అతను తల బయటపెట్టి, "అన్నా, లోపల్నుంచి ఎవరో తలుపు కొడుతుండ్రు, జర తియ్యరాదే" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయిల్ మార్పించాను. ఇంజన్ కింది రబ్బర్లు మార్పించాను. టక్ టక్ మానలేదు. చివరికి మేము 'దించుడన్న' అని పిలుచుకునే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఏ బండి తెచ్చినా ఆయన చెప్పే వైద్యం ఒక్కటే, అందుకే ఆ పేరు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు, శబ్దం మాయం. వదిలాడు, మళ్లీ టక్ టక్. "పరేషాన్ గాకు సార్. గిది లోపలి దెబ్బ. ఇంజన్ దించాలె" అన్నాడు.

ఆ మాట విని నాన్న, "ఇంజన్ దించక్కర్లేదు, బండినే వదిలించుకుందాం. మూసారాంబాగ్‌లో ఒకాయన అడుగుతున్నాడు, ఆదివారం రమ్మంటాను" అన్నారు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆ శుక్రవారం పెద్దమ్మ దగ్గర్నుంచి తిరిగొచ్చాక అమ్మ సెల్లార్లోనే ఆగి, నన్ను ముందు పైకి పంపేసింది. మర్నాడు పొద్దున కారు స్టార్ట్ చేస్తే టక్ టక్ కాస్తా టకటకా టకటకా అయింది. "చూశావా, రోగం ముదిరింది" అన్నారు నాన్న. నాకు పౌరుషం వచ్చింది. ఆదివారం లోపల ఆ శబ్దం సంగతేదో తేల్చకపోతే ఇక ధ్వని పాఠం చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను. (పిల్లలకి తెలిస్తే నేను ఓడిపోవాలని మొక్కుకునేవాళ్లు.)

ఆ మధ్యాహ్నం సెల్లార్లో ఇంజన్ ఆన్ చేసి, ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్నట్టు, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఒక్కో భాగానికి ఆనించి పిడిని చెవికి పెట్టుకుని వినడం మొదలుపెట్టాను, డాక్టరు గుండె చూసినట్టు. ఇంజన్ లోపల ఏ దెబ్బా లేదు. పైన లేదు, పక్కన లేదు. ప్రాణం లేచొచ్చింది. రేడియేటర్ ముందున్న ఇనప పట్టీకి ఆనించేసరికి మాత్రం చెవిలో ఖణేల్మంది. ఇంజన్ ఆపి, జాలీ వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమితే చేతికి తగిలాయి: నల్లతాడుతో వేలాడదీసిన రెండు గుర్రపు నాడాలు. కారు ఆగి వణికినప్పుడల్లా పట్టీకి కొట్టుకుంటున్నాయి.

సరిగ్గా అప్పుడే లిఫ్టులోంచి అమ్మ దిగింది. కొంగు చాటున ఏదో దాచింది.

"ఏంటమ్మా అది?"

"ఏం లేదురా. ముందు ఒకటి కట్టించాను, వాచ్‌మన్ చేత. ఈ శబ్దం మొదలయ్యేసరికి దిష్టి గట్టిగానే తగిలిందని నిన్న రెండోది కట్టించాను. అదీ చాల్లేదేమోనని..." అంటూ మూడో నాడా తీసింది.

నేను పడీ పడీ నవ్వాను. తాడు పట్టుకుని నాడాలు ఊపి చూపించాను. అమ్మ నవ్వలేదు. "అయితే నా కారు నేనే అమ్మించుకుంటున్నానా?" అంది. కళ్లు నిండిపోయాయి. "తీసెయ్యరా. మీ నాన్నకి మాత్రం చెప్పకు." ఆ ముఖం చూశాక తీసెయ్యడానికి నాకు చేతులాడలేదు. పాత సైకిల్ ట్యూబు ముక్క రెండు నాడాలకీ చుట్టి, కదలకుండా తీగతో పట్టీకి బిగించేశాను. మూడోది వద్దని బతిమాలుకున్నాను. కారు స్టార్ట్ చేస్తే, పిల్లిలా ఉంది.

ఆదివారం మూసారాంబాగ్ ఆయన వచ్చి, చెవి ఒగ్గి విని, "మస్తుగుంది సార్, గిప్పుడే తీసుకపోతా" అన్నాడు. నాన్న బానెట్ ఎత్తి, చాలాసేపు ముందుకి వంగి చూశారు. తర్వాత నెమ్మదిగా మూసి, "క్షమించండి, అమ్మడం లేదు. మా ఆవిడ శుక్రవారాలు వెళ్లాలి" అన్నారు. ఆయన వెళ్లాక ఏం బాగుచేశావని నాన్న అడిగితే, "వదులైన చోట రబ్బరు వేశాను" అన్నాను. అందులో అబద్ధం లేదు కదా!

పెద్దమ్మ ఉన్నంతకాలం ఆ కారు శుక్రవారం తప్పలేదు. ఆమె పోయాక కొన్నేళ్లకి కారునీ ఇచ్చేశాం. ఆ రోజు తాళాలు తీసుకుని కిందికి వెళ్తుంటే నాన్న పేపరు లోంచి తల ఎత్తకుండా అన్నారు: "ముందున్న నాడాలు విప్పి తీసుకురా, మీ అమ్మ అడుగుతుంది. ఆ ట్యూబు తెగ్గొట్టకు. వేడికి నీది ఎప్పుడో పగిలిపోయింది. అది నేను రెండోసారి వేసింది."

నాన్న బానెట్ మీద చెయ్యి వేసినప్పుడల్లా, అమ్మ రహస్యం కాపాడాలని గుండె చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తిన ఆ కుర్ర మెకానిక్కుని, అంటే అప్పటి నన్నే, తలుచుకుంటే, నాకిప్పటికీ నవ్వొస్తుంది. కాస్త జాలి కూడా వేస్తుంది.