షహానియాలో చలిమంట

ఈ ఏడు గ్యాసు బిల్లు చూశాక ఇంగ్లండులోని మా ఇంట్లో మూడు గదుల్లో హీటర్లు ఆపేశాం. గ్యాసే ఉంచుకోవాలా, కరెంటుకు మారాలా, కట్టెల పొయ్యి పెట్టించాలా అని మా ఆవిడా నేనూ రోజూ వాదులాడుకునే రోజుల్లోనే పనిమీద ఖతార్ వెళ్ళాను.

ఒంటెల పరుగు చూద్దామని జనవరిలో ఓ తెల్లవారుజామున అల్ షహానియా పోతే చలికి పళ్ళు టకటకలాడాయి. ఎడారిలో చలేమిటిలే అని స్వెట్టరు కూడా వేసుకోలేదు. ఒంటెలకు మాత్రం మందపాటి దుప్పట్లు కప్పి ఉన్నాయి. వాటిని సాకే మల్లేశ్‌ది జగిత్యాల దగ్గర పల్లె. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని మంట దగ్గరికి పిలిచాడు. ఇంగ్లండు నుంచి వచ్చానని చెప్పాను. పొగ లేదు, ఎర్రటి నిప్పు.

"ఇదేం బొగ్గు?" అన్నాను.

"బొగ్గు గాదు సార్, ఒంటె పెంటికలు. ఎండల ఎండవెడితే మంచిగ కాలుతయి. ఇక్కడి ముసలాయన నేర్పిండు."

"ఇంత గ్యాసున్న దేశంలోనా?"

"గ్యాసు ఓడలెక్కి మీ అసుంటోళ్ళ దిక్కు వోతది గద సార్!" అని నవ్వాడు.

చేతులు చాచాను. నిన్నమొన్న ఈ ఒంటెలు మేసిన గడ్డి నా వేళ్ళను వెచ్చబరుస్తోంది.

మల్లేశ్ మాత్రం కూర్చోలేదు. పక్కనున్న ఒంటె దుప్పటి కింద చెయ్యి పెట్టి చూసి, తన శాలువా తీసి దాని మీద కప్పాడు.

"మరి నీకో?" అన్నాను.

"ముందుగాల ఇది ఎచ్చగుండాలె సార్. మన పొయ్యి ఇదే గద."