పొయ్యి నిలవని పడవ

మొన్న సాయంత్రం మా పెద్దబ్బాయీ మనవలూ వసారాలో కూర్చుని, కొత్తగా చేయించబోయే షికారు పడవకి అడుగు బల్లపరుపుగా ఉండాలా, కింద వెన్నుగర్రతో కోసుగా ఉండాలా అని వాదించుకుంటున్నారు. అడుగు తీసి అడుగు వెయ్యలేని నాకు పడవ అడుగుతో ఏం పనని మీరనవచ్చు గాని, ఊరుకోలేక, పొయ్యి ఎక్కడ పెడతారర్రా అని అడిగాను. నవ్వారు. ఆ నవ్వు నేను చిన్నప్పుడు విన్నదే.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆనకట్ట నీళ్ళు కొత్తగా కాలువల్లోకి వచ్చిన ఆ రోజుల్లో, పాలకొల్లులో కాస్త బియ్యం వ్యాపారం సాగినవాడల్లా సొంత పడవ కావాలనుకునేవాడు. మా నాయనగారూ అనుకున్నారు. నాయనగారి తల్లి, మా మామ్మ కోరింది ఒక్కటే, ఆ పడవలో అంతర్వేది వెళ్ళి, గోదారి సముద్రంలో కలిసేచోట ఒక్క మునక వేసి రావాలని. ఆవిడ మడి మనిషి, అమ్మ చేతి వంట తప్ప మరొకటి ముట్టదు, అందుచేత వంట పడవలోనే సాగాలి.

నర్సాపురం నుంచి పడవలు కట్టే వడ్రంగి వచ్చి, రెండు అరటిదొప్పల్ని చెరో రకంగా మడిచి నీళ్ళ గంగాళంలో వదిలి, "కాలవకైతే ఈ బల్లపరుపుదండి, గోదాట్లో గాలికి పరుగెత్తాలంటే ఆ కోసుదండి" అన్నాడు. నాయనగారి చూపు కోసుదాని మీదే. కాలవ లాకుల దగ్గర కట్టి ఉండే తెల్లదొర పడవ అలాంటిది మరి. బల్లపరుపుదైతే బస్తాలు మోసే పడవలా ఉంటుందట. తలుపు చాటునుంచి అమ్మ నన్ను పిలిచి, "పొయ్యి దేన్లో కదలకుండా నిలుస్తుందో కనుక్కోవే" అంది. వెళ్ళి అడిగాను. వడ్రంగి నోరు తెరిచేలోగా నాయనగారు "పడవ చేయిస్తుంటే మీ అమ్మ వంటిల్లంటుందేంటే" అన్నారు. అరుగంతా నవ్వింది. నేనేదో గొప్ప మాటే అన్నాననుకుని మురిసిపోయాను.

కోసు పడవే వచ్చింది. అందంగానే ఉంది, కాదనను. మాఘమాసంలో తీర్థానికి బయలుదేరి, నర్సాపురం దాటి గోదావరిలో పడ్డాక గాలి అందుకుంది, తెరచాప ఎత్తారు, పడవ ఒక పక్కకి ఒరిగి పరుగు తీసింది. మగవాళ్ళు ఆహా అంటుండగానే అన్నం గిన్నె దొర్లి, మరిగే గంజి అమ్మ పాదాలమీద పడింది. పడవ వెనక్కి తిరిగింది. అప్పుడు నాయనగారన్న మాట నా చెవిలో ఇప్పటికీ మరుగుతూనే ఉంది: "పొయ్యి దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దూ?" పడవ ఒరిగితే తప్పు మనిషిదట. ఆ అడుగు ఎంచుకున్నదెవరు, కాలిన పాదాలెవరివి? మామ్మ పస్తుండిపోయి, మడి మాటే మరిచి, ఇల్లు చేరేదాకా కోడలి పాదాలు ఒళ్ళో పెట్టుకుని అరిటాకుతో విసురుతూ కూర్చుంది. తరువాతి వానాకాలానికి ఆవిడ లేదు. అంతర్వేది చూడనే లేదు. పడవని మాత్రం ఊరంతా చాలాకాలం మెచ్చుకున్నారు.

ఇప్పుడు రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలే పరుగెత్తుతోంది. తలుపు చాటూ పోయింది, నేను వసారాలోకే వచ్చి నా నోటితో నేనే అడుగుతున్నాను. మారింది అంతవరకే. "ఇది షికారు పడవ మామ్మా, వంటిల్లు కాదు" అన్నాడు మనవడు. షికారు వెళ్ళినవాళ్ళకి ఆకలెయ్యదు కాబోలు. మజ్జిగ చెంబుతో వచ్చి నిలబడ్డ మా కోడలొక్కతే నవ్వలేదు. నేను దాని పాదాలకేసే చూస్తూ ఉండిపోయాను.