ఎడమ సీటులో మా ఆయన: సికింద్రాబాద్ నుంచి గోదావరిఖని దాకా

గోదావరిఖనిలో మా ఆడపడుచు ఉంటుంది. మా ఆయనకు అక్క, నాకు వదిన. ఏటా ఎండాకాలం మేమిద్దరం మల్కాజ్‌గిరి నుంచి కారులో వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చేవాళ్లం. కిందటి అక్టోబరులో ఆయనకు ఇంట్లోనే ఫిట్స్ వచ్చాయి. మందులతో తగ్గింది కానీ, ఏడాది పాటు స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి మనిషి గడప దాటడం మానేశారు. బస్సంటే నడుం నొప్పి, అద్దె కారంటే ఆ డ్రైవర్ ఎలా నడుపుతాడో అని అనుమానం. వదిన ఫోన్ చేసి "తమ్ముని మొఖం సూడక ఏడాదాయె" అని ఏడిస్తే, ఫోన్ నా చేతిలో పెట్టి బాల్కనీలోకి వెళ్లిపోయారు. ఇలాగే ఇంకో ఆరు నెలలు గడిస్తే ఈయన ఇక ఎప్పటికీ ఇంట్లోంచి కదలరని నాకు భయం పట్టుకుంది.

నా దగ్గర పదకొండేళ్ల నాటి లైసెన్సు ఉంది, బీరువాలో పట్టుచీరల కింద. కూరగాయలకని చెప్పి రోజూ సైనిక్‌పురి వెళ్లి, అక్కడి వెడల్పాటి వీధుల్లో డ్రైవింగ్ స్కూలు వాళ్ల కారుతో ఇరవై రోజులు మళ్లీ డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఉత్త సంచీతో తిరిగొచ్చినా, కూరగాయలేవని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అంత దిగులులో ఉన్నారు. చివరికి ఒక సాయంత్రం, నేనే నడుపుతాను పదండి అన్నాను.

"నువ్వా? నేరేడ్‌మెట్ దాటుతవా అసలు?" అన్నారు.

మాది విజయనగరం. మాట పడి ఊరుకునే రకం కాదు. "ఏటండీ, వస్తారా రారా? శుక్రవారం వస్తన్నామని వదినకి చెప్పేసినాను" అన్నాను. చెప్పలేదు. నిజానికి ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి, ఫోన్ చేసి చెప్పాను.

ఏప్రిల్ చివరి వారం, పొద్దున ఐదున్నరకు బయలుదేరాం. నేరేడ్‌మెట్ మీదుగా తిరుమలగిరి దగ్గర కరీంనగర్ రోడ్డెక్కాం. ఉత్తర తెలంగాణలోకి సాగే ఈ రాష్ట్ర రహదారి శామీర్‌పేట, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా గోదావరిఖని చేరి, గోదావరి దాటి మంచిర్యాల దాకా పోతుంది. గోదావరిఖని వరకు దాదాపు రెండు వందల ఇరవై ఐదు కిలోమీటర్లు. ఆరు దాటితే అల్వాల్ దగ్గరే ముప్పావుగంట పోతుంది, కాబట్టి చీకటి విడకముందే బయలుదేరడం మంచిది. మా ఆయన మాత్రం అల్వాల్ దాకా తలుపు పైనున్న పిడిని వదల్లేదు. "క్లచ్, క్లచ్... అరే, ఆటో వస్తున్నది చూడు" అంటూ, లేని బ్రేకును కుడి కాలితో తొక్కుతూనే ఉన్నారు. ఆ బ్రేకే గనక నిజంగా ఉంటే కారు అంగుళం కదిలేది కాదు. శామీర్‌పేట దాటి రోడ్డు విశాలమయ్యాక నోరు మూతపడింది, కాలు మాత్రం ఆగలేదు.

గంటకు అరవై దాటకుండా, ప్రజ్ఞాపూర్‌లో కాసేపు ఆగి, సిద్దిపేట చేరేసరికి ఎనిమిదింపావు. బైపాస్ పక్కన ఒకామె రేకుల షెడ్డులో టిఫిన్లు పెడుతోంది. రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక ఉప్మా, రెండు టీలు కలిపి నూట ముప్పై రూపాయలు. పల్లీ చట్నీ కారంగా, వేడిగా ఉంది. మా ఆయన ముఖం చూసి ఆమె జాలిపడింది.

"సారూ, పొద్దుగాల సంది బండి నడిపి అలిసినట్టున్నరు. ఇంకో ఇడ్లీ ఏస్త, తినున్రి" అంది.

ఆయన ప్లేటు ముందుకు జరిపారు. తలొంచుకుని ఆ ఇడ్లీ తిన్నారు. కారు తాళం నా చేతిలో కనిపిస్తోంది. దాన్ని మెల్లగా హ్యాండ్‌బ్యాగులోకి జార్చేశాను. ఆయన మీద కోపం వచ్చిందా అంటే, కొంచెం వచ్చింది. రెండున్నర గంటలు చెమటలు కక్కుతూ నడిపింది నేను కదా! కానీ ఇరవై ఆరేళ్లుగా ఆయన ఎక్కడికెళ్లినా కుడివైపు తలుపు తెరుచుకుని దిగిన మనిషి. ఆ బాధ నాకు తెలుసు.

కరీంనగర్ దాటేసరికి పదిన్నర. సుల్తానాబాద్ తర్వాత ఎండ ముదిరింది. యాసంగి, అంటే రబీ వరి కోతలు అయిపోయాయి. రోడ్డు మీద ఎడమ వరుస పొడవునా వడ్లు ఆరబోసి, వాటి మీదికి బండ్లు రాకుండా అంచున రాళ్లు పేర్చారు. ఈ విషయం ఆయనకు తెలుసు, నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఈ దారిలో రోడ్డు వైపు చూడాల్సిన పని నాకు పడలేదు. ఎడమ వరుసలో పోతూ పోతూ చూసేసరికి ఎదురుగా బంగారు రంగు వడ్లు, కుడిపక్కన ఆనుకుని లారీ. బ్రేకు మీద నిలబడ్డాను. కారు రాళ్లకు మూరెడు దూరంలో ఆగింది, ఇంజనూ ఆగిపోయింది. వెనక ఇంకో లారీ వచ్చి హారన్ మోగించడం మొదలుపెట్టింది.

"వడ్ల మీదికెల్లి పోనియ్! ఎక్కియ్!" అని ఆయన అరిచారు.

"ఎవరిదో పంటండీ, ఎలాగెక్కిస్తాను?" అని నేనూ అరిచాను. ఇంటికి తిరిగి వెళ్లిపోదామని ఇప్పుడు ఈయన అంటే, ఇంకెప్పుడూ నా పక్కన కూర్చోరు. అదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది.

కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ఒక పెద్దామె పరుగున వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె తలమీది తువ్వాలు తీసి ఊపి వెనక లారీని ఆపించింది. నేను కారు స్టార్ట్ చేసి రెండు గజాలు వెనక్కి తీసి, కుడి వరుసలోకి మళ్లేదాకా అలాగే నిలబడింది. వడ్ల చివర కారాపితే సీసాలో నీళ్లు తెచ్చిచ్చింది.

"పొద్దటి సంది మూడు కార్లు నా వడ్ల మీదికెల్లి పోయినయ్. నువ్వొక్కదానివే ఆగినవ్. సల్లంగుండు బిడ్డా" అని, ఆయన వైపు వంగి చూసింది. "ఏమయ్యా, ఆడమనిషికి బండిచ్చి నువ్వు కూసున్నవేంది?"

ఆయన రెండు గుక్కల నీళ్లు తాగి సీసా ఆమెకు తిరిగిచ్చారు.

"నాకు పానం బాగలేదవ్వా. ఫిట్స్ వచ్చినయ్. అందుకే మా ఆమె నడుపుతున్నది" అన్నారు. తర్వాత, "మంచిగనే నడుపుతది" అన్నారు.

తన జబ్బు గురించి బయటి మనిషికి ఆయన చెప్పడం అదే మొదటిసారి. నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

పెద్దపల్లి దాటాం. బసంత్‌నగర్ టోల్‌గేట్ ఇంకా రాలేదు. పక్క నుంచి సలహాలు వినిపించడం లేదేమిటా అని చూస్తే, ఆయన తల ఛాతీ మీదికి వాలిపోయి ఉంది. మళ్లీ ఫిట్స్ వచ్చాయా? ఎండకా, ఆ కంగారుకా? ఇండికేటర్ వేసి కారు పక్కకు ఆపి, భుజం పట్టుకుని "ఏవండీ! ఏవండీ!" అని కుదిపేశాను.

ఒక కన్ను తెరిచారు. "టోల్‌గేట్ వచ్చిందా?"

"రాలేదండీ."

"మరి ఎందుకు ఆపినవ్? పోనియ్" అని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

నిద్ర. ఉత్త నిద్ర! స్టీరింగ్ మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చి, తర్వాత కారు తీశాను. పన్నెండున్నరకు వదిన ఇంటి ముందు ఆపేదాకా ఆయన లేవలేదు.

ఆ నలభై నిమిషాలు నడుపుతూ నాకు ఒక విషయం తోచింది. పెళ్లయినప్పటి నుంచి విజయనగరం వెళ్లినా, ఇక్కడికి వచ్చినా, కారెక్కిన పది నిమిషాలకు నేను నిద్రపోయేదాన్ని. కళ్లు తెరిస్తే ఊరొచ్చేది. నా నిద్ర కోసం పక్కన ఒక మనిషి ఎన్ని వేల కిలోమీటర్లు మేలుకున్నాడో నేను ఒక్కనాడూ ఆలోచించలేదు, థాంక్స్ అనీ చెప్పలేదు. వదిన ఇంట్లో భోజనాలయ్యాక చెప్పాను. "దేనికి?" అన్నారు. ఆయనకు ఒక దిండు అందించాను. సోమవారం తిరుగు ప్రయాణంలో నేను వదినకు వీడ్కోలు చెప్పి వచ్చేసరికే, ఆయన ఎడమ సీటు వెనక్కి వాల్చుకుని కూర్చుని ఉన్నారు.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పెట్రోలుకు రానూపోనూ మూడు వేల పైచిలుకు అవుతుంది, మూడు టోల్‌గేట్లకు ఫాస్టాగ్‌లో ఐదు వందలు ఉంచుకోండి, ఇవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది కోతల కాలం గురించి. ఏప్రిల్, మే నెలల్లో సుల్తానాబాద్ దాటాక కుడి వరుసలోనే, మెల్లగా, వెలుతురు ఉండగానే వెళ్లండి. వడ్లు అడ్డమొస్తే ఆగండి. పక్క సీటులో మనిషి నిద్రపోతుంటే మాత్రం, నాలాగా కుదిపి లేపకండి.