మల్లవ్వ చెప్పిన లోతు

సికింద్రాబాద్ జేబీఎస్ నుంచి బాన్సువాడకు ఉదయం ఆరుంబావుకు బస్సెక్కాం. కిటికీ పక్క సీటు నాది, పక్కన మా యూనివర్సిటీ నేలశాస్త్రం శ్రీధర్ గారు, ఆయన మోకాళ్ల మధ్య మట్టి లోతు కొలిచే ఇనుపకడ్డీ. మూడేళ్ల కిందట ఒక సమావేశంలో "మీ తెలుగు శాఖ సభల్లో ప్రార్థనాగీతం చూసుకుంటే చాలు" అన్నారాయన. ఆ రోజు నీలం చొక్కా వేసుకున్నారు. నాకు బాగా గుర్తుంది.

ఇప్పుడు వరి పొలాల మట్టి మీద మా ఇద్దరికీ కలిపి ఒక పని అప్పగించారు. ఆయన పటం గీయాలి, నేను పొలంలో పనిచేసేవాళ్ల మాటలు సేకరించాలి. చిత్తుప్రతిలో నేను సేకరించిన మాటలన్నీ ఆయన చివరి అనుబంధంలో పడేశారు. పటంలోకి ఎక్కించకపోతే నా పేరు తీసేయమన్నాను. "పొలంలో రుజువు చూపించండి మేడమ్" అన్నారు. అందుకే ఈ ప్రయాణం.

పదిన్నరకు బాన్సువాడలో దిగి పూరీ తిన్నాం. ఆయనకు వేడివి, నాకు చల్లారినవి వచ్చాయి. మార్పించుకున్నాను. వెళ్లేవారు అడగండి, మారుస్తారు. అక్కడి నుంచి నస్రుల్లాబాద్ వైపు షేర్ ఆటో.

"గా కడ్డీ ఏంది సారు, బోరేస్తరా?" అంది ఎదురుగా కూర్చున్న ఆమె.

"మట్టి చూస్తామమ్మా."

"గింత దూరమొచ్చి మట్టి చూసుడా!" ఆటో అంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నేను నవ్వాను.

పన్నెండుకు పొలం చేరాం. యాసంగి నాట్లు, అంటే రబీ వరి. తొమ్మిది మంది ఆడవాళ్లకు పెద్ద మల్లవ్వ. నాటు మొదలుపెట్టే ముందు ఆమె ఒక్కతే మడంతా నడిచి "గిలక దాక", "పిక్క దాక", "మోకాలి దాక" అని కేకేస్తుంది. గిలక అంటే చీలమండ. పొట్టివాళ్లు లోతు తక్కువ వైపు, పొడుగువాళ్లు ఎక్కువ వైపు నిలబడతారు. నేను రాసుకుంటున్నాను. శ్రీధర్ గారు కాలువ పక్క మూలకు నడిచారు.

"గా మూలకు పోకు సారు, మోకాలి దాక దిగుతది."

"నా లెక్కలో అక్కడ గట్టి నేలమ్మా."

"లెక్క నీదే, కాలు గూడ నీదే. పో."

రెండు కాళ్లూ మోకాళ్ల దాకా దిగాయి. నలుగురు ఆడవాళ్లు పట్టి లాగారు. "ఇగ నీ లెక్కను ఎవలు గుంజాలె సారూ?" అంది ఒకామె. అందరికంటే ముందు ఆయనే పగలబడి నవ్వారు. ఇది నేను ఊహించలేదు.

ఆ తర్వాత ఆయనే మల్లవ్వను మళ్లీ నడవమని బతిమాలారు. ఆమె కేకేసిన ప్రతిచోటా ఆయన కడ్డీ దించి కొలత చెప్పారు, నేను మాటా కొలతా పక్కపక్కన రాశాను. ఒక్కచోటే కుదరలేదు. మల్లవ్వ కాలితో తడిమి, "రాయి మీద గుచ్చినవ్, జరంత జరుపు" అంది. జరిపితే కడ్డీ దిగిపోయింది. మధ్యాహ్నం గట్టు మీద వాళ్లే మాకు జొన్నరొట్టె, పల్లికారం పెట్టారు.

నాలుగున్నరకు తిరుగు బస్సు. ఆయన ప్యాంటు మీద మట్టి ఎండి రాలుతోంది. ఒళ్లో పటం పరిచి, "ఇక్కడ ఏమంది మేడమ్? ఇక్కడ?" అని అడిగి ఒక్కో మాటా తానే పటం మీద రాశారు. పటం కింద పేర్లలో మల్లవ్వది మొదట ఉండాలన్నాను. "అదెలాగూ ఉంటుంది" అన్నారు. కలిసి పనిచేయడం ఇంత సరదాగా ఉంటుందని ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు తెలియలేదు. అయినా మాటల అక్షరాలు అంకెలకంటే చిన్నవిగా ఉన్నాయని చెప్పాను. ఆయన చెరిపి, పెద్దగా రాశారు.